పక్కనున్న ఫౌండర్లే అండ: స్థానిక బృందాన్ని కట్టుకోవడం, కాపాడుకోవడం

కంపెనీ పెట్టి ఏడాది కాలేదు, చుట్టుపక్కల ఫౌండర్ల మీటింగులు, మెంటర్లు, ఇంక్యుబేటర్లు (కొత్త కంపెనీలకు చోటు, సాయం ఇచ్చే కేంద్రాలు) చాలానే కనిపిస్తున్నాయి, వీటికి వెళ్తే నిజంగా లాభముంటుందా, లేక ఆ సమయం కూడా ప్రాడక్ట్ మీదే పెట్టడం మేలా అని అడిగారు. లాభముంటుంది, అదీ చాలా. కాకపోతే ఎక్కువమందిని కలిసినంత మాత్రాన అది రాదు. ఒకే ఆరేడుగురిని మళ్లీ మళ్లీ, ఎదురెదురుగా, అసలు లెక్కలు బల్ల మీద పెట్టుకుని కలిస్తే వస్తుంది. అది ఎందుకో, ఎలా కట్టుకోవాలో, ఎక్కడ చెడుతుందో వివరంగా రాస్తున్నాను.

ముందు ఆధారం చూడండి. చైనాలోని నాన్‌చాంగ్ నగరంలో జింగ్ కై, ఆడమ్ సైడెల్ అనే ఆర్థికవేత్తలు 2,820 సంస్థలతో ఒక ప్రయోగం చేశారు. ఫలితాలు 2018లో అచ్చయ్యాయి. లాటరీ తీసినట్టు కొన్ని సంస్థలను ఎంచి, వాటి మేనేజర్లను సుమారు పదేసి మంది గుంపులుగా చేసి, ఏడాది పాటు నెలనెలా కలుసుకునేలా ఏర్పాటు చేశారు. అలా కలుసుకున్న సంస్థల అమ్మకాలు మిగతావాటికన్నా 8.1 శాతం పెరిగాయి. మీటింగులు ఆగిపోయిన ఏడాది తర్వాత కూడా ఆ తేడా నిలిచింది. మీకు పనికొచ్చే విషయాలు ఆ ప్రయోగంలో ఇంకో మూడున్నాయి. తమకన్నా మెరుగైన సంస్థలున్న గుంపులో పడ్డవాళ్లు ఎక్కువ ఎదిగారు. ఒకరికొకరు పోటీ కానప్పుడే సమాచారం బాగా పంచుకున్నారు. ఒక్కసారి జరిగే మీటింగుల్లో కన్నా, క్రమంగా జరిగే మీటింగుల్లోనే ఎక్కువ వ్యాపార సంబంధాలు కుదిరాయి. మీ ప్రశ్నకు సగం జవాబు ఈ మూడు మాటల్లోనే ఉంది.

బలం ఎక్కడ నుంచి వస్తుందో ఇప్పుడు చూద్దాం. ఏ పుస్తకంలోనూ దొరకని సమాచారం మొదటిది. ఫలానా పెద్ద కస్టమర్ ఒప్పందంలో 45 రోజులని రాసినా నిజానికి డబ్బు ఎన్ని రోజులకు వేస్తారు, ఫలానా లాయర్ ముసాయిదా ఎన్నాళ్లకు పంపుతారు, ఫలానా ఇన్వెస్టర్ టర్మ్ షీట్ (పెట్టుబడి షరతుల ముసాయిదా) ఇచ్చాక షరతులు మారుస్తారా. ఇలాంటివి అనుభవించినవాళ్లు నోటితో చెబితేనే తెలుస్తాయి, రాతలో పెట్టరు. పెట్టకపోవడానికి కారణం కూడా సరైనదే, పేరు పెట్టి రాస్తే చిక్కులొస్తాయి. అందుకే నమ్మకం కుదిరిన గదిలో మాత్రమే ఇవి బయటికొస్తాయి.

రెండోది పరువు. అందరూ అందరికీ తెలిసిన చోట మాట తప్పినవాళ్ల సంగతి త్వరగా తెలిసిపోతుంది, మాట నిలబెట్టుకున్నవాళ్ల సంగతీ అంతే. కొత్త కంపెనీకి చరిత్ర ఉండదు. మీ వెనక ఉన్న ఇద్దరు ఫౌండర్ల మాటే మొదట్లో మీకు చరిత్ర. మొదటి సీనియర్ ఉద్యోగి, మొదటి పైలట్ (ప్రయోగాత్మకంగా వాడి చూసే) కస్టమర్, అప్పు మీద సరుకిచ్చే సప్లయర్, ముగ్గురూ ముందు ఆ మాటనే చూస్తారు.

మూడోది "వద్దు" అని చెప్పేవాళ్లు ఉండటం. దీని విలువ చాలామందికి అర్థం కాదు, అందుకే కాస్త ఆగి చెబుతాను. హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో విద్యార్థులను సెక్షన్లుగా పంచుతారు. జోష్ లెర్నర్, ఉల్రికె మాల్‌మెండియర్ అనే పరిశోధకులు అక్కడ ఒక సంగతి గమనించారు, 2013లో ప్రచురించారు. అంతకుముందు వ్యాపారం చేసి వచ్చినవాళ్లు ఎక్కువగా ఉన్న సెక్షన్లలో చదువయ్యాక కంపెనీలు పెట్టినవాళ్లు తగ్గారు. తగ్గింది ముఖ్యంగా విఫలమయ్యే కంపెనీలే. అనుభవమున్న తోటివాళ్లు బలహీనమైన ఆలోచనను మొదట్లోనే పట్టుకుని చెప్పగలగడమే దీనికి కారణమని వాళ్ల వివరణ. ఇంట్లోవాళ్లు మీ మనసు నొప్పించలేరు, ఉద్యోగులు భయపడతారు, ఇన్వెస్టర్లు మొహమాటంగా "తర్వాత చూద్దాం" అంటారు. ఏ స్వార్థమూ లేకుండా మొహం మీద చెప్పగలిగేది మీలాంటి పనే చేస్తున్న ఇంకొకరు. ఆ ఒక్క మాట ఒక్కోసారి రెండేళ్లు మిగులుస్తుంది.

నాలుగోది వేగం. జీతాలకు పది రోజులుందనగా పెద్ద చెల్లింపు ఆగిపోయిందనుకోండి. అప్పటికప్పుడు కొత్తవాళ్ల దగ్గరికి వెళ్లి మీ పరిస్థితి మొదటి నుంచీ వివరించే తీరిక ఉండదు. మీ లెక్కలు ఆరు నెలలుగా చూస్తున్నవాళ్లకైతే ఫోన్‌లో రెండు నిమిషాల్లో విషయం అర్థమవుతుంది. దీనితోపాటు మనసు బరువు కూడా ఉంది. ఉద్యోగులకు చెబితే వెళ్లిపోతారని, ఇన్వెస్టర్లకు చెబితే నమ్మకం పోతుందని, ఇంట్లో చెబితే కంగారు పడతారని ఫౌండర్ లోపలే పెట్టుకునేవి చాలా ఉంటాయి. అవి చెప్పుకోగలిగిన చోటు ఒకటుండాలి. ఇది మెత్తటి విషయమనుకోకండి. నిద్రలేని ఫౌండర్ తీసుకునే నిర్ణయాలు కంపెనీని ముంచుతాయి.

ఇక కట్టుకోవడం. ఆరుగురి నుంచి ఎనిమిదిమంది వరకు ఉండాలి. ఐదుగురే అయితే ఇద్దరు రాని రోజు మీటింగు చప్పబడిపోతుంది. ఎనిమిది దాటితే ఒక్కొక్కరికి మాట్లాడే సమయం చాలదు, మొహమాటస్తులు పూర్తిగా మౌనమైపోతారు. అందరూ నిర్ణయాధికారం ఉన్న ఫౌండర్లే కావాలి. ఒక కంపెనీ నుంచి ఒక్కరే రావాలి. కోఫౌండర్లు ఇద్దరూ కూర్చుంటే వాళ్లిద్దరి మధ్య ఉన్న తగాదా ఎప్పటికీ బల్ల మీదికి రాదు, తరచుగా అదే అసలు సమస్య.

దశ దగ్గరగా ఉండాలి, రంగం వేరుగా ఉండాలి. ఇంకా కస్టమర్ లేని కంపెనీని, 80 మంది ఉద్యోగులున్న కంపెనీని పక్కపక్కన కూర్చోబెడితే ఒకరిది ఉపన్యాసం అవుతుంది, ఇంకొకరిది శ్రవణం అవుతుంది. రంగం విషయంలో మాత్రం తేడా మంచిది. సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు, యంత్రాలు తయారుచేసేవాళ్లు, క్లినిక్‌లు నడిపేవాళ్లు ఒక బల్ల చుట్టూ కూర్చుంటే మాట సహజంగానే మనుషులు, నగదు, అమ్మకాలు, ఒప్పందాల మీదికి వెళ్తుంది. కొత్త ఫౌండర్లు దెబ్బతినేది ఎక్కువగా అక్కడే. నేరుగా పోటీపడే ఇద్దరిని ఒకే బృందంలో పెట్టకండి. నాన్‌చాంగ్‌లో తేలినట్టు నోరు మూసుకుపోవడం ఒక కారణం. చట్టం రెండో కారణం. పోటీదారులు కూర్చుని ధరల గురించి మాట్లాడుకోవడం చాలా దేశాల్లో చట్టవిరుద్ధం కావచ్చు, కొన్నిచోట్ల జీతాల మీద ఒప్పందానికి వచ్చినా అంతే. కస్టమర్, సప్లయర్ సంబంధం ఉన్నవాళ్లూ, ఒకరిలో ఒకరు పెట్టుబడి పెట్టినవాళ్లూ కూడా ఒకే బల్ల దగ్గర వద్దు. బాకీ ఉన్నవాళ్ల ముందు ఎవరూ తమ నగదు ఎంతుందో నిజం చెప్పరు.

మనుషులను ఎక్కడ పట్టుకోవాలి? పెద్ద ఈవెంట్లలో వేదిక మీద ఉన్నవాళ్లను కాదు, చివరి వరసలో నోట్సు రాసుకుంటున్నవాళ్లను చూడండి. మీ అకౌంటెంట్‌ను, కోవర్కింగ్ ఆఫీసు నడిపేవాళ్లను, మీ కస్టమర్లను "మీరు పనిచేసే చిన్న కంపెనీల్లో చెప్పిన మాట మీద నిలబడేవాళ్లు ఎవరు" అని అడగండి. ఒక్కొక్కరితో విడిగా ఓ గంట మాట్లాడండి. ఆ గంటలో "ఈ మూడు నెలల్లో పనిచేయనిది ఏమిటి" అని అడగండి. సూటిగా ఒక్కటైనా చెప్పగలిగినవాళ్లను పిలవండి. అంతా అద్భుతంగా ఉందని చెప్పేవాళ్లు చాలా మంచివాళ్లే కావచ్చు, బృందానికి మాత్రం ఇంకా సిద్ధంగా లేరు. తర్వాత ఆరు నెలల ఒప్పందంతో మొదలుపెట్టండి. ఆరు మీటింగులయ్యాక ఉండాలా, వెళ్లాలా ఎవరికి వాళ్లు చెప్పుకునే వీలుంటే మొదట్లో చేరడం తేలిక, తప్పుకోవడం గౌరవంగా ఉంటుంది.

ప్రతి మీటింగుకు రెండు రోజుల ముందు ప్రతి ఒక్కరూ ఒకే నమూనాలో ఒక పేజీ పంపాలి. చేతిలో ఉన్న నగదు, రన్‌వే (అంటే ఆ నగదు ఇంకా ఎన్ని నెలలు సరిపోతుంది), ఈ నెల అమ్మకాలు, గత నెల చేస్తానన్నది చేశారా లేదా, నిద్ర పట్టనివ్వని విషయం ఒకటి. అంతే. రన్‌వే లెక్కలో చాలామంది తప్పు చేస్తారు కాబట్టి ఒక ఉదాహరణ చెబుతాను. చేతిలో 72 లక్షలున్నాయి. గత మూడు నెలల ఖర్చు 39 లక్షలు. అదే మూడు నెలల్లో కస్టమర్ల నుంచి బ్యాంకులో నిజంగా పడింది 12 లక్షలు. నికరంగా కరిగింది 27 లక్షలు, నెలకు 9. రన్‌వే 8 నెలలు. ఇన్‌వాయిస్ ఇచ్చి ఇంకా రాని డబ్బును రాబడిలో కలిపితే ఈ లెక్క పదో పన్నెండో నెలలకు సాగిపోతుంది. కస్టమర్ల నుంచి వసూలు చేసి ప్రభుత్వానికి కట్టాల్సిన పన్ను కూడా బ్యాంకులోనే ఉంటుంది, అది మీ డబ్బు కాదు, తీసేసి లెక్కపెట్టండి. ఏడాది చందా ముందే కట్టిన కస్టమర్ ఒకరుంటే ఆ నెల అందంగా కనిపిస్తుంది, అది మళ్లీ పన్నెండు నెలల తర్వాతే వస్తుందని పక్కన రాయండి. నిధుల సేకరణకు ఆరు నెలలు పడుతుందనుకోవడం క్షేమం, కాబట్టి 8 నెలల రన్‌వే అంటే ఆ పని ఇప్పుడే మొదలుపెట్టాలని అర్థం. ఈ మాట ఎవరికి వాళ్లకు తెలిసినా, బల్ల చుట్టూ ఆరుగురు ఆ అంకె చూసి "ఎప్పుడు మొదలుపెడుతున్నారు" అని అడిగితేనే కదలిక వస్తుంది.

మీటింగు మూడు గంటలు పెట్టుకోండి. ఏడుగురైతే ఒక్కొక్కరికి ఐదు నిమిషాల చొప్పున పరిస్థితి చెప్పడానికి 35 నిమిషాలు. తర్వాత ఇద్దరి సమస్యలు లోతుగా, ఒక్కోదానికి 50 నిమిషాలు. మధ్యలో 15 నిమిషాల విరామం. చివరి అరగంట చిన్న చిన్న అవసరాలకు, అంటే ఒక పరిచయం కావాలి, ఒక మంచి డిజైనర్ కావాలి, ఈ ఒప్పందం ఎవరైనా చదవగలరా వంటివాటికి. లోతుగా చూసే 50 నిమిషాల్లో పది నిమిషాలు సమస్య చెప్పాలి. పది నిమిషాలు ప్రశ్నలు మాత్రమే, సలహా తోకలా తగిలించిన ప్రశ్నలు కూడా వద్దు. ఇరవై నిమిషాలు మిగతావాళ్ల అనుభవాలు. చివరి పది నిమిషాల్లో సమస్య చెప్పినవాళ్లు తాము ఏం చేయబోతున్నారో, ఏ తేదీలోగానో చెప్పాలి. ఒకరు గడియారం చూడాలి. ఆ పని నెలకొకరికి మారుతుండాలి, లేకపోతే బృందం ఒకరి సొత్తయిపోతుంది.

అనుభవాల భాగంలో ఒక నియమం గట్టిగా పాటించండి. "మీరు ఇలా చేయండి" అనకూడదు. "మాకు ఇలాంటిది వచ్చింది, ఇది చేశాం, ఇలా అయింది" అనాలి. అలాంటిది తనకు రాకపోతే "నాకు దీనిలో అనుభవం లేదు" అని ఊరుకోవాలి. 1987లో మొదలైన ఎంట్రప్రెన్యూర్స్ ఆర్గనైజేషన్ అనే వ్యాపార యజమానుల సంఘం తన సభ్యుల చిన్న బృందాల్లో ఈ పద్ధతినే నడుపుతుంది. మొదటి రెండు మీటింగుల్లో ఇది చాలా కృత్రిమంగా అనిపిస్తుంది. వదిలేయకండి. సలహా ఇవ్వడం మొదలుపెట్టగానే మనిషి తనకు తెలియనిది కూడా తెలిసినట్టే చెబుతాడు. వినేవాళ్లు తమను సమర్థించుకోవడంలో పడతారు. అనుభవం చెప్పినప్పుడు దానిలోని పరిస్థితులు కూడా వస్తాయి, తమకు వర్తించేది ఏదో వినేవాళ్లే ఏరుకుంటారు.

ఎవరి అనుభవం వినాలన్న దానిమీద కూడా మంచి ఆధారముంది. ఆరన్ చటర్జీ, మరికొందరు పరిశోధకులు భారతదేశంలో 100 టెక్నాలజీ స్టార్టప్‌ల ఫౌండర్లను జంటలు కలిపి, మనుషులను నడపడం గురించి ఒకరికొకరు సలహాలిచ్చుకునేలా చేశారు. ఫలితాలు 2019లో వచ్చాయి. క్రమం తప్పని మీటింగులు, స్పష్టమైన లక్ష్యాలు, తరచుగా ఫీడ్‌బ్యాక్, ఈ పద్ధతిలో తమ సంస్థను నడిపే ఫౌండర్ నుంచి సలహా పొందినవాళ్ల కంపెనీలు రెండేళ్లలో 28 శాతం ఎక్కువ పెరిగాయి, మూతపడే అవకాశం పది శాతం పాయింట్లు తగ్గింది. పట్టీపట్టనట్టు నడిపేవాళ్లతో జతపడినవాళ్లకు ఆ లాభం రాలేదు. కాబట్టి పక్కనున్నవాళ్లు పేరున్నవాళ్లా, ఎంత డబ్బు సేకరించారు అన్నవి చూడకండి. తమ మనుషులతో వారం వారం కూర్చుంటారా, లక్ష్యాలు రాసిపెడతారా అన్నది చూడండి.

గోప్యత గురించి మాట మాత్రం చాలదు, ఒక పేజీ రాసుకుని అందరూ సంతకం పెట్టండి. గదిలో విన్నది భార్యకో భర్తకో, కోఫౌండర్‌కో కూడా చెప్పకూడదు. చెప్పినవాళ్లతో కూడా, వాళ్లే ఎత్తితే తప్ప, తర్వాత ఆ విషయం ఎత్తకూడదు. ఈ రెండో సగం అందరూ మరిచిపోతారు. విడాకుల సంగతో, కంపెనీ మూసేద్దామా అన్న ఆలోచనో చెప్పుకున్న మనిషిని మర్నాడు బయట కలిసి "ఏమైంది" అంటే తర్వాతి నెల ఆ మనిషి వాతావరణం గురించి మాట్లాడతాడు. కస్టమర్లతో గోప్యతా ఒప్పందం ఉన్న సమాచారం మాత్రం ఈ గదిలోనూ పేరుతో చెప్పకండి, "ఒక పెద్ద కస్టమర్" అంటే చాలు. హాజరుకు కూడా నియమముండాలి. ఏడాదిలో మూడు మీటింగులు తప్పితే కుర్చీ ఖాళీ అయినట్టే. ఇది కఠినంగా కనిపిస్తుంది. కానీ బృందాలు గొడవలతో చచ్చేది చాలా తక్కువ, ఎక్కువగా నెలకు ఇద్దరు చొప్పున రావడం మానేసి చస్తాయి.

ఎదురెదురుగా ఎందుకు, వీడియోలో చాలదా అంటారేమో. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ అలెన్ 1970లలో ఇంజినీర్ల మధ్య మాటామంతీ కొలిచి చూశాడు. బల్లల మధ్య దూరం పెరిగేకొద్దీ మాట్లాడుకోవడం నిటారుగా పడిపోయింది, దాదాపు 50 మీటర్లు దాటాక వేరే ఊళ్లో ఉన్నట్టే అయింది. నియమం ప్రకారం పెట్టుకున్న మీటింగు వీడియోలో నడుస్తుంది. మీటింగయ్యాక మెట్ల దగ్గర "ఇందాక అందరి ముందు చెప్పలేదు గానీ" అని మొదలయ్యే మాట వీడియోలో రాదు. ఎవరైనా దూరంలో ఉంటే ఒక నెల తప్పించి ఒక నెల నేరుగా రావాలని పెట్టుకోండి. సగంమంది గదిలో, సగంమంది తెర మీద ఉండే మీటింగు మాత్రం వద్దు. తెర మీదివాళ్లు ప్రేక్షకులైపోతారు.

బృందం ఒక్కటే చాలదు. బ్రియాన్ ఉజ్జీ అనే సామాజిక శాస్త్రవేత్త 1990లలో న్యూయార్క్ దుస్తుల తయారీ సంస్థలను పరిశీలించి చెప్పిందేమిటంటే, దగ్గరి సంబంధాలున్న సంస్థలు బాగా నిలబడ్డాయి, కానీ ఉన్న సంబంధాలన్నీ దగ్గరివే అయినవి మళ్లీ బలహీనపడ్డాయి. దగ్గరివీ దూరపువీ కలిసి ఉన్నవే ఎక్కువ కాలం బతికాయి. కొత్త సమాచారం దూరపు పరిచయాల నుంచే వస్తుందని మార్క్ గ్రానోవెటర్ అనే మరో సామాజిక శాస్త్రవేత్త 1973లోనే చూపించాడు. తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవారిలో, ఆ మనిషిని తరచుగా కలిసేవాళ్లు 16.7 శాతమే, అప్పుడప్పుడూ కలిసేవాళ్లు 55.6 శాతం. అందుకని నెలకొకటి చొప్పున ఒక బహిరంగ మీటింగుకు వెళ్లండి, మీ బృందంలో అందరూ ఒకే మాట అంటున్న రోజున బయటివాళ్లను ఒకరిని అడగండి.

ఆ బహిరంగ మీటింగు మీరే నడపాల్సి వస్తే 1975 మార్చిలో ఒక గరాజ్‌లో మొదలైన హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్ పద్ధతి వాడుకోండి. యాపిల్ మొదటి కంప్యూటర్‌ను స్టీవ్ వోజ్నియాక్ చూపించింది ఆ క్లబ్బులోనే. అక్కడ ముందు ఒక్కొక్కరూ లేచి తమ దగ్గర ఏముందో, తమకేం కావాలో చెప్పేవారు. తర్వాత మీటింగు విడిపోయి, ఎవరికి ఎవరు అవసరమో వాళ్లను వెతుక్కుని మాట్లాడుకునేవారు. నలభై మందికి ఒక్కో నిమిషం చొప్పున 40 నిమిషాలు చాలు. ఉపన్యాసం పెట్టిన రోజున వచ్చినవాళ్లు వక్తను తప్ప ఎవరినీ కలవకుండా వెళ్తారు. ఇంకో జాగ్రత్త, గదిలో మూడింట రెండు వంతులు ఫౌండర్లే ఉండాలి. సర్వీసులు అమ్ముకునేవాళ్లు మూడో వంతు కన్నా పెరిగితే మంచి ఫౌండర్లు రెండోసారి రారు.

పరిచయాలు అడగడం ఒక పద్ధతి ప్రకారం జరగాలి. పరిచయం చేసేవాళ్లు తమ పరువు అప్పిస్తున్నారు. కాబట్టి రెండు వైపులా ముందు ఒప్పుకున్నాకే ఇద్దరినీ కలపాలి. వాళ్లకు పని తగ్గేలా, ఉన్నది ఉన్నట్టు ఫార్వర్డ్ చేయగలిగే నోట్ మీరే రాసి పంపండి. ఇలా ఉండొచ్చు:

"నమస్తే. మేం ఆస్పత్రుల్లో మందుల నిల్వలు చూసుకునే సాఫ్ట్‌వేర్ చేస్తున్నాం. ప్రస్తుతం 4 ఆస్పత్రులు డబ్బు కట్టి వాడుతున్నాయి. గడువు దాటి పారేసే మందులు ఎంత తగ్గాయో నాలుగింటి లెక్కలూ ఉన్నాయి. వంద పడకలు దాటిన ఆస్పత్రుల్లో ఇలాంటి కొనుగోలు ఎవరు నిర్ణయిస్తారో, బడ్జెట్ ఏ నెలలో వేస్తారో తెలుసుకోవాలని ఉంది. ఫోన్‌లో 20 నిమిషాలు చాలు, అమ్మకం మాట ఎత్తను. వీలుపడకపోయినా ఇబ్బంది లేదు."

ఎవరు, ఏం చేశారు, ఒకే ఒక్క కోరిక, ఎంత సమయం, కాదనడానికి దారి. ఇంతే ఉండాలి. అమ్మకం మాట ఎత్తనన్నాక ఎత్తకూడదు, అది మరీ ముఖ్యం. కలిసిన 48 గంటల్లో పరిచయం చేసినవాళ్లకు ఏం జరిగిందో రెండు వాక్యాలు రాయండి, ఫలితం తేలాక మరోసారి. ఈ రెండు వాక్యాలు రాయనివాళ్లకు మూడో పరిచయం దొరకదు, ఎందుకు దొరకలేదో కూడా ఎవరూ చెప్పరు.

బృందం ద్వారా వచ్చిన మొదటి కస్టమర్ల విషయంలో మాత్రం జాగ్రత్త. స్నేహం కోసం కొన్నవాళ్లను చూసి మార్కెట్ ఒప్పుకుందని పొరబడటం చాలా సులువు. వాళ్లను అమ్మకాల పట్టికలో వేరే వరసలో రాయండి. పూర్తి ధర కట్టారా, వారానికి ఎన్నిసార్లు వాడుతున్నారు, గడువు తీరాక మీరు అడగకుండానే కొనసాగించారా, ఈ మూడూ చూడండి. పరిచయం లేనివాళ్లు కొనడం మొదలుపెట్టేవరకు ఆ అంకెలు ఇన్వెస్టర్లకు విడిగా చూపడమే నిజాయితీ. అడిగితే ఎలాగూ బయటపడుతుంది.

మెంటర్ల సంగతి క్లుప్తంగా. ఒక్కరి మీదే ఆధారపడకండి. ఎంఐటీలో 2000లో మొదలైన వెంచర్ మెంటరింగ్ సర్వీస్ ఒక్కో కంపెనీతో ముగ్గురు నలుగురు మెంటర్లను కలిపి కూర్చోబెడుతుంది. వాళ్లు ఒకరితో ఒకరు విభేదించడం ఫౌండర్ కళ్లారా చూస్తాడు, నిర్ణయం తనదేనని తెలుస్తుంది. ఈక్విటీ, అంటే కంపెనీలో వాటా, అడిగే అడ్వైజర్లు ఎదురైతే, కొత్త ఫౌండర్లకు శిక్షణ ఇచ్చే ఫౌండర్ ఇన్‌స్టిట్యూట్ అందరికీ అందుబాటులో పెట్టిన ఫాస్ట్ అనే ఒప్పంద నమూనా చూడండి. అందులో ఆలోచన దశ కంపెనీకి సాయం స్థాయిని బట్టి 0.25 నుంచి 1 శాతం వరకు, ఎదుగుతున్న కంపెనీకి 0.15 నుంచి 0.6 శాతం వరకు సూచించారు. ఆ వాటా ఒకేసారి కాకుండా రెండేళ్ల పాటు నెలనెలా కొంత చొప్పున చేతికొస్తుంది, దీన్నే వెస్టింగ్ అంటారు. సంతకానికి ముందు మూడు నెలలు ఏమీ ఇవ్వకుండా కలిసి పనిచేసి చూడండి. నాలుగు పరిచయాలు చేయించి 3 శాతం, 5 శాతం అడిగేవాళ్లకు మర్యాదగా కాదని చెప్పండి. అలా ముగ్గురికి ఇచ్చేస్తే తర్వాత వచ్చే ఇన్వెస్టర్ మీ వాటాల పట్టిక చూసి వెనక్కి తగ్గుతారు, అప్పుడు ఆ వాటా తిరిగి తెచ్చుకోవడం చాలా కష్టం.

ఇంక్యుబేటర్‌లో చేరే ముందు అక్కడి నుంచి ఏడాదిన్నర కిందట బయటికొచ్చిన నలుగురు ఫౌండర్లతో మాట్లాడండి, వాళ్లలో ఇద్దరు కంపెనీ మూసేసినవాళ్లు అయ్యుండాలి. జాబితా ఇంక్యుబేటర్‌నే అడగకుండా మీరే వెతుక్కోండి. "ఆ ప్రోగ్రాం వల్ల మీకు ఎవరు కస్టమర్ అయ్యారు, ఇప్పటికీ ఫోన్ చేయగలిగేది ఎవరికి" అని అడగండి. రెండో ప్రశ్నకు పేర్లు గబగబా వస్తే చేరండి, ఎందుకంటే అక్కడ నిజంగా దొరికేది తోటి కంపెనీలే, గదులూ ఇంటర్నెట్టూ కాదు. ఒప్పందంలో వాటా ఎంత, భవిష్యత్తు పెట్టుబడుల్లో వాళ్లకు ముందస్తు హక్కు ఉందా, మధ్యలో వెళ్లిపోతే ఏమవుతుంది, ఈ మూడు చోట్ల లాయర్ కన్ను పడాలి.

సమయం గురించి అడిగారు కాబట్టి ఆ లెక్క కూడా చెబుతున్నాను. బృందం మీటింగు 3 గంటలు, దానికి సిద్ధపడటం 1, ఒక బహిరంగ మీటింగు 2, ఇతరులకు సాయం 2. నెలకు 8 గంటలు. దానికి మించితే తిరుగుడు ఎక్కువై పని తక్కువవుతోందని అర్థం. ఇతరులకు సాయం చేసే రెండు గంటలను కోసేయకండి. ఎవరో పంపిన ఒప్పందం చదవడం, ఉద్యోగం కోసం వచ్చిన అభ్యర్థి గురించి నిజం చెప్పడం, మీకు సరిపడని కస్టమర్‌ను మరొకరికి పంపడం, ఇవి ముందు మీరు చేస్తేనే అడిగే హక్కు వస్తుంది. అభ్యర్థుల గురించి అడిగేటప్పుడు ఒక హద్దుంది, వాళ్లు ఇప్పుడు పనిచేస్తున్న చోట మాత్రం వాళ్లకు చెప్పకుండా విచారించకండి. ఒక మనిషి జీతం పోవచ్చు.

చుట్టుపక్కల స్టార్టప్‌లే లేకపోతే? స్టార్టప్ అన్న పేరు పట్టుకుని వెతకకండి. సొంతంగా ఏదైనా సంస్థ నడుపుతూ, జీతాలిస్తూ, అప్పు తీరుస్తూ ఉన్నవాళ్లు ప్రతిచోటా ఉంటారు. నగదు, మనుషులు, వసూళ్ల విషయంలో పదేళ్లుగా వర్క్‌షాప్ నడుపుతున్నవాళ్ల అనుభవం మీకు నేరుగా పనికొస్తుంది. పెట్టుబడి సేకరణ, ప్రాడక్ట్ లాంటివాటికి మాత్రం దూరంలో ఉన్న ఇద్దరు ముగ్గురు ఫౌండర్లతో నెలకో ఫోన్ పెట్టుకోండి.

ఏడాదిన్నర, రెండేళ్లకు బృందంలో తేడాలు పెరుగుతాయి. ఒకరి దగ్గర నలుగురే ఉంటారు, మరొకరి దగ్గర అరవైమంది అవుతారు, ఒకరు కంపెనీ మూసేస్తారు. మూసేసినవాళ్లను వెంటనే పంపించేయకండి, కనీసం ఆరు నెలలు కుర్చీ ఉంచండి. వాళ్లకు అండ కావాల్సింది అప్పుడే, వాళ్లు చెప్పేది మిగతావాళ్లకు అంతకుముందు ఎన్నడూ లేనంత ఉపయోగపడేదీ అప్పుడే. బాగా పెద్దవైన కంపెనీల ఫౌండర్లు తమ స్థాయివాళ్లతో వేరే బృందం మొదలుపెట్టుకోవాలి. వెళ్లేముందు తమ స్థానంలోకి ఒకరిని వెతికి తెచ్చి, రెండు మీటింగులు వాళ్లతో కలిసి కూర్చుని, ఆపై తప్పుకోవాలి. కొత్తవాళ్లు వచ్చిన మొదటి రోజున గోప్యత పేజీ మళ్లీ అందరూ గట్టిగా చదివి, మళ్లీ అందరూ సంతకం పెట్టండి.